వానకి రెండు వేళ్ళు

కొత్త తాడు ఆ వానాకాలం మొదట్లోనే వచ్చింది. నీలం రంగు నైలాన్ తాడు, నున్నగా, తేలిగ్గా, చుట్టలు చుట్టలుగా తెచ్చి గోదాం గుమ్మంలో దించారు. అంతవరకు మా యార్డులో లారీలకు కట్టింది జనపనార మోకు. చేతికి గరుకు, భుజానికి బరువు, తడిస్తే కంపు. దాన్ని ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్న వాళ్ళంతా కొత్త తాడుని పట్టుకుని మురిసిపోయారు. మా మామయ్య మాత్రం ఒక కొస తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, "దీనికి ఒళ్ళంతా నూనె రాసినట్టుందే," అని కింద పడేశారు.

మామయ్య పని లోడు కట్టడం. బస్తాలు పేర్చేవాళ్ళు వేరు, లారీ నడిపేవాళ్ళు వేరు. పేర్చిన బస్తాల మీద పట్టా పరిచి, అంచులు మడిచి, పైనుంచి తాళ్ళు విసిరి, ఇటు కొక్కేలకూ అటు కొక్కేలకూ బిగించి, ఆఖరి ముడి వేసి, "ఇక పో" అనేది మామయ్య. ఆయన కప్పే పట్టాలకు చిరుగులు పడితే, పక్క షెడ్డులో కూర్చుని దబ్బనంతో అతుకులు వేసేది నేను. ఆ లారీల్లో ఒకదాన్ని నడిపేది మా ఆయన. ఇంట్లో లారీతో సంబంధం లేనిది అత్తయ్య ఒక్కతే. "మీ ముగ్గురికీ అదుంది, నాకీ కొంప ఉంది," అనేది.

మామయ్యకి ఒక లెక్క ఉండేది. జనపనార తాడు వానకి తడిస్తే ఉబ్బుతుంది, పొడవు తగ్గుతుంది, దానంతట అదే బిగుసుకుంటుంది. మనం ముందే గట్టిగా బిగించి పంపితే దారిలో అది మూలనున్న బస్తాల్ని కోసేస్తుంది, లేదంటే తనే తెగుతుంది. అందుకని వానాకాలంలో ఆఖరి ముడి వేసేముందు మామయ్య తాడు కింద రెండు వేళ్ళు దూర్చేవారు. ఆ వేళ్ళ మీదుగా ముడి బిగించి, మెల్లగా వేళ్ళు లాగేసేవారు. అంత వదులు అన్నమాట. "అది వాన వాటా. మనం తీసుకోకూడదు," అనేవారు. ఒక వేలైతే చాలదు, మూడైతే ఎక్కువ. ముప్పై రెండేళ్ళు అలా కట్టారు, ఒక్క బస్తా జారలేదు.

యార్డులో అందరూ ఆయన్ని రెండువేళ్ళ పెద్దాయన అనేవాళ్ళు. కొత్తగా వచ్చిన డ్రైవర్లు ఆ పేరు విని, పాపం మిగతావి ఏ ప్రమాదంలో పోయాయో అనుకుని, ఆయన చేతుల వంక దొంగచూపులు చూసేవాళ్ళు. మామయ్య అది కనిపెట్టి, కావాలనే ఒక చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగేవారు. నాకు ఆయనంటే ఎంత ఇష్టమో చెప్పాలంటే ఇలాంటివే చెప్పాలి.

కొత్త తాడు ముక్క ఒకటి మా ఆయన ఇంటికి తెచ్చి పెరట్లో దండెం కట్టాడు. "ఇక మనం ఉన్నంతకాలం మార్చక్కర్లేదు," అని ఎంతో గొప్పగా చెప్పాడు. రెండో రోజు వాన పడింది. తెల్లారి చూస్తే దుప్పటి అంచులు బురదలో ఉన్నాయి.

"వీడు కట్టిన దండెం అచ్చం వీడిలాగే ఉంది. రెండు బట్టలు వేస్తే చాలు, వంగిపోతుంది," అంది అత్తయ్య.

మా ఆయన మళ్ళీ బిగించాడు. మళ్ళీ వాన పడింది, మళ్ళీ దిగింది. లోడు కట్టేవాడి కొడుక్కి దండెం కట్టడం రాలేదని నెల రోజుల పాటు మా ఇంట్లో అదే ఎగతాళి. అందరం ముడిని తిట్టాం, ముడి వేసినవాణ్ణి తిట్టాం. తాడుని ఒక్కరం కూడా ఏమీ అనలేదు.

ఊరు దాటాక వంతెనకి ముందు పెద్ద మలుపు ఉంది. మలుపు దగ్గర ఒక టీ కొట్టు. వానలు మొదలైన రెండు వారాలకి, చక్కెర బస్తాల లారీ ఒకటి సరిగ్గా ఆ మలుపులో లోడంతా ఒక పక్కకి ఒరిగి, పట్టా లేచిపోయి, ఆరు బస్తాలు రోడ్డు మీద పడ్డాయి. వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. కట్టింది మామయ్య.

యార్డు మేస్త్రీ మంచివాడు. నలుగురిలో ఏమీ అనలేదు. మామయ్యని నా షెడ్డులోకి పిలిచి, నేను కుడుతున్న పట్టా మీదే కూర్చుని, "పెద్దాయనా, తాళ్ళు కాస్త చూసుకుందాం," అన్నాడు.

"చూసుకుంటాను," అన్నారు మామయ్య.

మర్నాటి నుంచి ఆయన తాడు లాగడం చూస్తే నాకు భయం వేసేది. లారీ పక్క చెక్కకి మోకాలు ఆనించి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగేవారు. ఆ నున్నటి తాడు అరచేతుల్లోంచి జారి తోలు లేచిపోయేది. అంత లాగీ, చివర్న మాత్రం రెండు వేళ్ళు పెట్టి, వదులు చేసి, ముడి వేసేవారు. వానాకాలం కదా మరి.

ఆ తరవాత మూడు వారాల పాటు ఏ లోడూ ఒరగలేదు. హమ్మయ్య అనుకున్నాం. మామయ్య మళ్ళీ చెయ్యి జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. నాకు ఒక్కటే అర్థం కాలేదు. మా ఆయన అరచేతుల్లో కూడా తోలు లేచిపోతోంది. అడిగితే, "స్టీరింగ్ కొత్తది," అన్నాడు. రోజంతా తాళ్ళ మధ్య కూర్చునేదాన్ని, తాడు కోసిన గీతకీ స్టీరింగ్ రాపిడికీ తేడా తెలియదా? చెప్పడం ఇష్టం లేదని తెలిసి ఊరుకున్నాను.

మామయ్య చేతి పుండు మానడం లేదని అత్తయ్య పట్టుబట్టి ఆయన్ని ఆసుపత్రికి పంపింది. తోడు నన్ను వెళ్ళమంది. పొద్దున పదింటి బస్సు. మామయ్య కిటికీ పక్కన కూర్చున్నారు. సన్నగా తుంపర పడుతోంది. మలుపు దగ్గరకి వచ్చేసరికి బస్సు నెమ్మదించింది. టీ కొట్టు ముందు మూడు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. మూడూ మా యార్డువే. బస్సుకి ముందు మామయ్య కట్టి పంపినవే.

మొదటి లారీ మీద మా ఆయన చెప్పులు విడిచి, బస్తాల మీద కాళ్ళు తన్నిపెట్టి తాడు లాగుతున్నాడు. కింద ఇంకో డ్రైవరు కొస పట్టుకున్నాడు. మూడో అతను తన లారీ ముళ్ళు విప్పుతున్నాడు. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడం లేదు. రోజూ చేసే పనిలా చేసుకుపోతున్నారు. కొట్టతను గ్లాసులు కడుక్కుంటున్నాడు, వాళ్ళ వంక చూడటం కూడా లేదు.

మామయ్య కునుకు తీస్తూ ఉంటే బాగుండునని కోరుకున్నాను. తీయడం లేదు. బస్సు వంతెన ఎక్కింది. వంతెన దిగాక, "టిక్కెట్లు నీ దగ్గరే ఉన్నాయిగా?" అని అడిగారు.

"ఉన్నాయి మామయ్యా."

ఆసుపత్రిలో డాక్టరు ఏవో అడిగితే నేనే చెప్పాను.

మర్నాడు గురువారం. ఆయన పనికి వెళ్ళలేదు. నేను బయల్దేరుతుంటే పిలిచి, "అమ్మాయ్, మేస్త్రీతో ఒంట్లో బాగాలేదని చెప్పు. సోమవారం నేనే వచ్చి మాట్లాడతాను. వేరేవాళ్ళని చూసుకోమంటాను," అన్నారు.

"అదేంటి మామయ్యా?"

"చెయ్యి పోయిందమ్మా. పట్టు లేదు. నీ మొగుడు పైకెక్కి లాగుతున్నాడు, నేను చూడలేదనుకున్నావా?"

ఆ మాట ఆయన కోపంగా అనుంటే బాగుండేది. పెన్సిల్ పోయింది అన్నట్టు అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే వంటింట్లోకి లాక్కెళ్ళి కడిగేశాను. "ఒక్క మాట ముందే చెప్పి చావచ్చుగా ఆయనకి?"

"ఏమని చెప్పను? నాన్నా, నీ కట్లు మలుపు దాకా కూడా నిలబడటం లేదు అనా? నువ్వైతే చెప్తావా?"

మంచినీళ్ళ గ్లాసు అందిస్తే తాగి పక్కన పెట్టాడు.

"డ్రైవర్లమంతా ఒక మాట అనుకున్నాం. మలుపు దగ్గర ఆగి ఎవరిది వాళ్ళు బిగించుకోవాలి. మేస్త్రీ చెవిన పడకూడదు. ఆ చక్కెర లారీ అతనే మొదట అన్నాడు, తెలుసా? బస్తాలు పోయినవాడు. ఇంకెన్నాళ్ళు చేస్తాడులే పెద్దాయన, కానివ్వండి అన్నాడు."

వాళ్ళ మీద కోపం రావాలి. రాలేదు. వంటింటి గోడకి ఆనుకుని కాసేపు ఏడ్చాను. మా ఆయన తోలు లేచిన చేత్తోనే నా వీపు నిమిరాడు.

రెండు రోజులు మామయ్య వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన ఇంట్లో ఉంటే అత్తయ్యకి కాలూ చెయ్యీ ఆడలేదు. శనివారం పొద్దున పెద్ద దుప్పటి ఉతికి, "ఊరికే కూర్చోకపోతే ఆ కొస పట్టుకోండి," అని పిండటానికి పిలిచింది. మామయ్య పట్టుకుని ఒక్క తిప్పు తిప్పారు. అత్తయ్య చేతిలోంచి దుప్పటి జారిపోయింది.

"అమ్మో, నా భుజం ఊడొచ్చింది. ఈ చెయ్యేనా పోయింది?"

"దుప్పటి వేరు, లోడు వేరు," అని మామయ్య మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

దుప్పటి ఎంత బాగా పిండారంటే చుక్క నీరు లేదు. దాన్ని తీసుకెళ్ళి దండెం మీద వేశాను. ముందు రోజు మధ్యాహ్నమే ఆ దండేన్ని నేను నా చేతులతో విప్పి, గుంజకి కాలు తన్ని, బిగించి కట్టాను. రాత్రి వాన పడింది. ఇప్పుడు దుప్పటి వేయగానే అది జానెడు కిందికి దిగింది. ముడి చూశాను. వెంట్రుక వాసి కూడా జారలేదు. తాడుని పట్టుకుని లాగాను. తడిసిన తాడు చేతిలో సాగింది.

అలాగే నిలబడిపోయాను. అత్తయ్య లోపల్నుంచి ఏదో అడుగుతోంది. సమాధానం చెప్పకుండా యార్డులో నా షెడ్డుకి పరిగెత్తాను.

చిరుగు పట్టాల కింద పాత జనపనార మోకు ముక్కలు ఇంకా ఉన్నాయి. ఒక పాత ముక్క, ఒక కొత్త ముక్క, రెండు గుంజల మధ్య పక్కపక్కనే ఒకే బిగువుతో కట్టాను. బకెట్టు నీళ్ళు రెండింటి మీదా సమంగా పోశాను. కూర్చుని ఒక పెద్ద చిరుగు కుట్టాను. కుట్టడం అయ్యాక లేచి చూస్తే పాత మోకు కర్రలా బిగుసుకుని ఉంది, బొటనవేలితో నొక్కినా లొంగలేదు. కొత్త తాడు నొక్కితే దిగిపోయింది. మామయ్య చేతికి ఏమీ కాలేదు. ఆయన వానకిచ్చిన వాటా ఈ తాడు వెనక్కి ఇవ్వడం లేదు, పైగా ఇంకొంచెం తినేస్తోంది. అంతే.

షెడ్డులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తరవాత భయం పట్టుకుంది. చెయ్యి పోయిందంటే ఆయన ఒప్పేసుకున్నారు. ముప్పై రెండేళ్ళ లెక్క ఈ తాడుకి పనికిరాదంటే ఒప్పుకుంటారా? అదీ కోడలు చెప్తే?

మా ఆయనకి చెప్పాను. "నువ్వే చూడు, నా వల్ల కాదు," అన్నాడు. తనకి అలాంటప్పుడు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

ఆదివారం మామయ్య దగ్గరికి వెళ్ళి, "ఆ దండెం ఎవరు కట్టినా నిలబడటం లేదు. మీరొకసారి కట్టరూ?" అన్నాను. ఆయన అనుమానంగా చూశారు గానీ లేచారు. కట్టు వేసిన చేత్తోనే నీలం తాడు బిగించారు. ఆకాశం కేసి చూసి, "వానొచ్చేట్టుంది," అని, మధ్యలో నొక్కితే రెండు వేళ్ళంత దిగేలా వదులు ఉంచి ముడి వేశారు. అత్తయ్య బట్టలన్నీ ఆరేసింది.

గంటకల్లా వాన వచ్చింది. అత్తయ్య బట్టల కోసం పరిగెత్తబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనివ్వండి అత్తయ్యా."

"నీకేమైనా పిచ్చా? నడుము పడిపోయేలా ఉతికాను."

"మళ్ళీ నేను ఉతుకుతాను. ఉండనివ్వండి."

మామయ్య వసారాలోంచి చూస్తున్నారు. మా మొహాలు కాదు, దండేన్ని. చీర అంచు నేలకి తగిలింది. ఆయన చెప్పులు లేకుండానే వానలోకి దిగారు. బట్టలన్నీ తీసి భుజాన వేసుకున్నారు, తాడు దిగింది బరువు వల్లేనేమో చూడటానికి. బట్టలు తీసినా తాడు వేలాడుతూనే ఉంది. ముడి దగ్గరకి వెళ్ళి తడిమారు. మధ్యకి వచ్చి నొక్కారు. భుజాన తడి బట్టలతో నిలబడి చాలాసేపు అలా నొక్కుతూ వదులుతూ ఉన్నారు.

లోపలికి వచ్చి నన్నే చూశారు. "నీకు ముందే తెలుసు కదూ?"

"నిన్న తెలిసింది మామయ్యా."

బట్టలు అత్తయ్యకి ఇచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను ఆయన సంతోషిస్తారనుకున్నాను. "చెయ్యి పోయినా బాగుండేదమ్మా," అన్నారు. "వయసైపోయింది అనుకునేవాణ్ణి. ఇంత తెలివితక్కువ పని చేస్తాననుకోలేదు. మనుషులు వెళ్ళే రోడ్డు మీదకి పంపాను ఆ లోడ్లు."

అత్తయ్య బట్టలు పిండుతూనే అంది, "గ్యాసు పొయ్యి తెచ్చిన కొత్తలో నెల రోజులు రోజూ ఏదో ఒకటి మాడ్చాను. కట్టెల పొయ్యి లెక్కన దించేదాన్ని. మీరు నోరెత్తకుండా తిన్నారు. అప్పుడు నన్ను తెలివితక్కువది అన్నారా?"

"నీ చేతిలో గరిటె ఉంది, ఏమంటాను?"

"నెల తరవాత మాడ్చానా?"

"లేదు."

"మరి?"

మామయ్య లేచి, దండేనికున్న నీలం తాడు విప్పుకొచ్చి, పొడవు కొలుచుకుని, నీళ్ళ తొట్టిలో వేసి, తీసి, మళ్ళీ కొలిచారు. భోజనానికి పిలిస్తే రాలేదు. నేను కంచం తెచ్చి పక్కన పెడితే ఎడమ చేత్తో తాడు పట్టుకునే తిన్నారు.

సోమవారం యార్డుకి వెళ్ళారు. మేస్త్రీ ఎదురొస్తే, "ఏం లేదు, ఒక డ్రమ్ము నీళ్ళు కావాలి," అన్నారు. కొత్త తాళ్ళన్నీ ఆ డ్రమ్ములో ముంచారు. పెద్దాయనకి మతి చలించిందేమో అని డ్రైవర్లు మొహాలు చూసుకున్నారు. "సాగేదేదో ఇక్కడే సాగనీ," అన్నారు మామయ్య. ఇప్పటికీ ఆ యార్డులో వానాకాలం తాళ్ళు నానబెట్టే కడతారు. ఎవరు మొదలుపెట్టారో కొత్తవాళ్ళకి తెలియదు.

మొదటి లోడు మా ఆయనదే. నేను దబ్బనం పట్టుకునే షెడ్డులోంచి బయటికి వచ్చాను. మామయ్య పట్టా పరిచారు, అంచులు మడిచారు, తడి తాడు విసిరారు. మోకాలు ఆనించి లాగారు. జారకుండా తాడుని చేతికి ఒక చుట్టు చుట్టుకున్నారు. ఆఖరి ముడి దగ్గరకి వచ్చేసరికి కుడిచేతి రెండు వేళ్ళూ వాటంతట అవే తాడు కిందికి వెళ్ళాయి. అందరం చూశాం. ఆయన కూడా చూసుకున్నారు. వేళ్ళు బయటికి తీసి, ఉన్న బలమంతా పెట్టి ఇంకొక్క లాగు లాగారు.

"అమ్మాయ్, ఇటు రా. నీ వేళ్ళు పెట్టి చూడు."

చూపుడు వేలు పెట్టాను, దూరలేదు. చిటికెన వేలు పెట్టాను. గోరు కూడా వెళ్ళలేదు.

"దూరడం లేదు మామయ్యా."

ముడి వేశారు. తాడు మీద ఒక్క దెబ్బ కొట్టి, ముందుకి నడిచి, క్యాబిన్ తలుపు దగ్గర నిలబడ్డారు.

"మలుపు దగ్గర ఆగక్కర్లేదు," అన్నారు కొడుకుతో.

మా ఆయన స్టీరింగ్ పట్టుకుని తల వంచుకున్నాడు. అటు పక్క డ్రైవర్లు నేల చూపులు చూశారు. చక్కెర లారీ అతను చెప్పు విప్పి, లేని రాయి దులుపుకున్నాడు.

"అలాగే నాన్నా."

మూడు రోజుల ట్రిప్పు అది. ఆ మూడు రోజులూ వాన తెరిపివ్వలేదు. మామయ్య పగలంతా లోడ్లు కట్టారు, సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మానికీ వీధికీ మధ్య తిరిగారు. నన్నడిగి పాత మోకు ముక్క తెప్పించుకుని, పెరట్లో దండెం కట్టారు, రెండు వేళ్ళు వదిలి. వాన తడికి అది బిగుసుకుని నిలబడింది. "దీనికి మర్యాద తెలుసు," అన్నారు.

గురువారం మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. స్నానం చేసి తల తుడుచుకుంటుంటే మామయ్య కుర్చీలోంచే అడిగారు, "మలుపు దగ్గర ఆగావా?"

"ఆగాను."

అత్తయ్య చేతిలో గరిటె ఆగింది. నేను తనకి కళ్ళతో సైగ చేస్తున్నా నా వంక చూడడే.

"దేనికి?"

"టీ తాగడానికి."

"టీకా?"

"టీకే నాన్నా. తాడు జోలికి పోలేదు. అక్కడ టీ చాలా బాగుంటుందంట, అందరూ చెప్తారు. ఇన్నాళ్ళూ వెళ్ళిన ప్రతిసారీ ఆగాను గానీ, గ్లాసు పట్టుకునే తీరిక ఒక్కసారీ దొరకలేదు."

మామయ్య కొడుకుని దగ్గరకి రమ్మని, రెండు అరచేతులూ తెరిచి చూశారు. తోలు మళ్ళీ కట్టుకుంటోంది. బొటనవేలితో ఒకసారి రాసి వదిలేశారు.

"రేపు నన్ను కూడా ఎక్కించుకో," అన్నారు. "ఆ టీ ఏదో నేనూ చూస్తాను."